కుర్చీకీ వేదికకూ మధ్య

మా కాలేజీ వార్షికోత్సవం దగ్గర పడింది. మొన్న ప్రిన్సిపాలుగారు నన్ను గదిలోకి పిలిచి, "ఈసారి బహుమతి ప్రదానం మీరే నడిపించాలండీ. తెలుగు మాస్టారు మైకు ముందు నిలబడితే ఆ నిండుతనమే వేరు" అన్నారు. మామూలుగా అయితే ఆ పొగడ్తకు నేను ఉబ్బి తబ్బిబ్బు కావలసింది. కాని ఆ మాట చెవిన పడగానే నా గుండెల్లో రాయి పడింది. ఎందుకో చివర చెబుతాను. ముందే చెబితే మీరీ వ్యాసం చదవరు. చదివినా నా మీద గౌరవంతో చదవరు.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఈ సంగతి చెప్పాను. ఆవిడ పప్పులో పోపు వేస్తూ వెనక్కి తిరక్కుండానే, "అయితే ఈసారన్నా పేర్లు సరిగ్గా చదవండి" అంది. పక్కగదిలోంచి మా అమ్మాయి, "ఫరవాలేదు నాన్నా! ఆస్కారు వాళ్ళంతటి వాళ్ళే తప్పు చదివారు. నువ్వెంత!" అని ధైర్యం చెప్పింది. అది ధైర్యమో, దెప్పిపొడుపో తెలుసుకోలేక రాత్రంతా ఆస్కారు గొడవలే తలుచుకుంటూ పడుకున్నాను. ఆ నిద్రలేని రాత్రి ఫలితమే ఈ వారం నాలుగు మాటలు.

అసలు బహుమతి సభలో రభస అనేది సినిమావాళ్ళు కనిపెట్టింది కాదు. ధర్మరాజు రాజసూయం చేసి, అగ్రపూజ ఎవరికి చెయ్యమంటావని తాతగారిని అడిగాడు. భీష్ముడు కృష్ణుడి పేరు చెప్పాడు. సహదేవుడు అర్ఘ్యం ఇచ్చాడు. అంతే! ఇంతమంది రాజులూ, ఇందరు పెద్దలూ ఉండగా ఈయనకేమిటని శిశుపాలుడు లేచాడు. ఆ సభ ఎల్లా ముగిసిందో మీకు తెలుసు. తరగతిలో ఆ ఘట్టం చెప్పినప్పుడల్లా పిల్లలు శిశుపాలుణ్ణి చూసి నవ్వుతారు. నేనూ నవ్వుతాను. కాని ఒక్క సంగతి మాత్రం ఆ కథలో నిజం. బహుమతి ఇచ్చేవాడికి ఇచ్చినది కనబడుతుంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు ఇవ్వనిది కనబడుతుంది. సభలో ఒక పేరు పిలిచారంటే, మిగిలిన పేర్లన్నీ పిలవలేదన్నమాట.

హాలీవుడ్ వారి ఆస్కారు ఉత్సవం పుట్టినప్పుడు ఈ బాధ అంతగా లేదు. 1929 మే 16న రూజ్‌వెల్ట్ హోటల్లో మొట్టమొదటి సభ జరిగింది. వచ్చినవారు సుమారు 270 మంది. విందు టిక్కెట్టు అయిదు డాలర్లు. ఎవరెవరికి బహుమతులో మూడు నెలల ముందే, ఫిబ్రవరిలోనే, ప్రకటించేశారు. అంచేత గుండెదడ లేదు, ఊపిరి బిగబట్టడం లేదు. ప్రదానమంతా పదిహేను నిమిషాల్లో అయిపోయింది. ఉత్తమ నటుడు ఎమిల్ జానింగ్స్ జర్మనీ ప్రయాణంలో ఉండి, సభకు ముందే తన బొమ్మ తాను పుచ్చుకొని ఓడెక్కాడు. మన పెళ్ళిళ్ళలో రైలు టైమైందని ముందు పంక్తిలో భోంచేసి వెళ్ళిపోయే బంధువులుంటారు చూశారూ, అల్లాగన్నమాట.

ఆ మరుసటి ఏడే రాజకీయం మొదలైంది. అప్పట్లో తుది నిర్ణయం కొద్దిమంది పెద్దల చేతుల్లో ఉండేది. మేరీ పిక్‌ఫర్డ్ ఆ పెద్దలను తన భవంతికి టీకి పిలిచిందనీ, ఆ టీ మహత్యం వల్లనే 1930లో ఆమెకు బహుమతి వచ్చిందనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. టీలో ఏముందో మనకు తెలియదు గాని, ఆ గొడవ తరువాత ఓటుహక్కు సంఘ సభ్యులందరికీ ఇచ్చేశారు. ఒక కప్పు టీ వల్ల ప్రజాస్వామ్యం రావడం చరిత్రలో అరుదు.

నా గుండెల్లోని రాయికి బాగా దగ్గర చుట్టం 1934 నాటి కథ. ఫ్రాంక్ కాప్రా అనే దర్శకుడు, ఇటలీ నుంచి చిన్నప్పుడే వలసవచ్చిన బీద కుటుంబం వాడు, ఆ సంవత్సరం 'లేడీ ఫర్ ఎ డే' అనే చిత్రానికి పోటీలో ఉన్నాడు. బహుమతి తనదేనని నమ్మకం. కృతజ్ఞతోపన్యాసాలు రాయడం, చింపడం, మళ్ళీ రాయడం. మార్చి 16 రాత్రి సభ. వేదిక మీద హాస్యనటుడు విల్ రోజర్స్ ఉత్తమ దర్శకుడి ఫలితం చూసి, ఇతగాణ్ణి చాలాకాలంగా ఎరుగుదునని నాలుగు మాటలు చెప్పి, చనువుగా, "వచ్చి పుచ్చుకో, ఫ్రాంక్!" అని పిలిచాడు.

కాప్రా లేచాడు. బల్లల మధ్యనుంచి దారి చేసుకుంటూ నడిచాడు. దీపం వెలుగు తన మీద పడాలి గదా, పడలేదు. ఇక్కడున్నానని చెయ్యి ఊపాడు. తీరా చూస్తే ఆ వెలుగు హాలు అవతలి పక్కకు పోయి ఇంకొక మనిషి మీద నిలిచింది. ఆయన పేరు ఫ్రాంక్ లాయిడ్. 'కావల్కేడ్' చిత్రానికి దర్శకుడు. బహుమతి ఆయనది.

ఇద్దరూ ఫ్రాంకులే. ఇంటిపేరు చెప్పి ఉంటే ఏ గొడవా లేదు. చనువు కొద్దీ ఒక్క పేరుతో పిలిచాడు పెద్దమనిషి. కాప్రా నడిమధ్య నిలబడిపోయాడు. అడ్డం లేవమని, కూర్చోమని వెనకనుంచి కేకలు. ఆయన తిరిగి తన బల్ల దగ్గరకు నడిచాడు. 1971లో అచ్చయిన తన ఆత్మకథలో, జీవితంలో అంతటి దుర్భరమైన నడక ఇంకొకటి లేదని రాసుకున్నాడు. మరుసటి సంవత్సరమే, 1935లో, ఆయన 'ఇట్ హాపెన్డ్ వన్ నైట్' ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి, కథనం అన్న అయిదు పెద్ద బహుమతులనూ ఊడ్చుకుపోయింది. తరువాత ఇంకా రెండుసార్లు ఉత్తమ దర్శకుడయ్యాడు. అయినా ముప్ఫై ఏడేళ్ళ తరువాత కూడా ఆ నడక మరిచిపోలేదు. ఎక్కిన మెట్లు మనిషికి గుర్తుండవు గాని, దిగిన మెట్లు లెక్కతో సహా గుర్తుంటాయి కాబోలు.

కుర్చీకీ వేదికకూ మధ్య దూరం అందరికీ ఒక్కటే కాదు సుమండీ. 1940 ఫిబ్రవరి 29న అంబాసడర్ హోటల్లో సభ. 'గాన్ విత్ ది విండ్' చిత్రంలో మామీ వేషం వేసిన హాటీ మెక్‌డేనియల్‌కు ఉత్తమ సహాయనటి బహుమతి వచ్చింది. నల్లజాతివారిలో ఆస్కారు అందుకున్న తొలి మనిషి ఆమె. కాని ఆ హోటలు భోజనశాలలోకి నల్లవారిని రానివ్వరు. నిర్మాత సెల్జ్‌నిక్ వెళ్ళి మొహమాటపెడితే, పోనీ అని ఒప్పుకున్నారు. మిగతా నటులంతా ఒకచోట, ఆమెకు మాత్రం అవతల గోడవార ఒక చిన్న బల్ల. పేరు పిలిచాక ఆమె అక్కణ్ణుంచి నడిచి వచ్చింది, కళ్ళనీళ్ళతో మాట్లాడింది, తిరిగి ఆ గోడవారకే వెళ్ళింది. అప్పట్లో సహాయనటులకు బొమ్మ ఇచ్చేవారు కాదు, ఫలకం ఇచ్చేవారు. ఆ ఫలకాన్ని ఆమె హోవర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిపోయింది. అక్కడ అది కనబడకుండా పోయింది. 2023లో ఆస్కారు వారు దాని స్థానే కొత్తది ఇచ్చారు. ఎనభై మూడేళ్ళు పట్టింది.

అదే రాత్రి ఇంకొక తమాషా జరిగింది. ఫలితాలు రాత్రి పదకొండు దాకా బయటపెట్టమని మాట తీసుకొని పత్రికలవారికి ముందుగా ఇచ్చేవారు. ఆ సంవత్సరం ఒక పత్రిక ఆగలేక సాయంత్రం కూర్పులోనే అచ్చేసింది. సభకు వస్తున్నవారు దారిలో పేపరు కొని తమ గెలుపోటములు చదువుకుంటూ లోపలికొచ్చారు! దాంతో విసిగి 1941 నుంచి సీలు వేసిన కవర్లు పెట్టారు. ఇహ మీదట గొడవలన్నీ తీరిపోతాయనుకున్నారు. చిలకలో మాంత్రికుడి ప్రాణమున్నట్టు, ఆనాటి నుంచి ఆస్కారు ప్రాణం కవరులో ఉంది.

కవరుకు సీలు వెయ్యవచ్చు గాని మనసులకు వెయ్యలేం గదా. ఒలీవియా డి హావిలండ్, జోన్ ఫాంటేన్ అక్కచెల్లెళ్ళు. ఏడాది తేడా. ఇద్దరూ టోక్యోలో పుట్టారు, ఇద్దరూ హాలీవుడ్‌లో తారలయ్యారు. 1942లో ఇద్దరూ ఉత్తమ నటి బహుమతికే పోటీ పడ్డారు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. చెల్లెలి పేరు పిలిచారు. అక్క ఎదురుగా ఉండగా ఆ క్షణంలో తనకు చిన్నప్పటి జుట్టుపట్లన్నీ గుర్తుకొచ్చి, కాళ్ళు రాలేదని జోన్ తరువాత రాసుకుంది. గెలిచిన మనిషికి గెలిచిన క్షణాన కలిగినది సంతోషం కాదు, భయం.

అయిదేళ్ళు గడిచాయి. 1947 మార్చిలో అక్కకు వచ్చింది బహుమతి. ఒలీవియా బొమ్మ పుచ్చుకొని తెర వెనక్కి వస్తోంది. జోన్ ఎదురువెళ్ళి చెయ్యి చాపింది. అక్క ముఖం తిప్పుకొని వెళ్ళిపోయింది. తన భర్తను గురించి చెల్లెలు అంతకుముందు ఏదో వేళాకోళమాడిందని అక్కకు కోపమంటారు. సరిగ్గా ఆ క్షణంలో పక్కనున్న ఫోటోగ్రాఫరు మీట నొక్కాడు. అంతే, ఇంటి గొడవ లోకం గొడవైపోయింది. జోన్ 2013లో పోయింది. ఒలీవియా నూటనాలుగేళ్ళు బతికి 2020లో పోయింది. సినిమాలు మరిచిపోయినవారు కూడా ఆ ఫోటో మరిచిపోలేదు. మన ఇళ్ళల్లో ఇల్లాంటి ఫోటోలు లేవా? పెళ్ళి ఆల్బంలో ఓ మూల పెద్దత్తయ్య ముఖం తిప్పుకొన్న ఫోటో ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది. కాకపోతే మనది బీరువాలో ఉంటుంది, వాళ్ళది పత్రికలో పడింది.

1963లో జోన్ క్రాఫర్డ్ చేసిన పని మాత్రం చాణక్యుడికి కూడా తోచదు. 'వాటెవర్ హాపెన్డ్ టు బేబీ జేన్' చిత్రంలో ఆమే, బెట్టీ డేవిస్ కలిసి నటించారు. ఇద్దరికీ పడదు. పోటీకి బెట్టీ పేరు మాత్రమే వచ్చింది. అప్పుడు జోన్ ఏం చేసిందయ్యా అంటే, పోటీలో ఉన్న మిగతా నటీమణులకు కబురుపెట్టి, "మీరు సభకు రాలేకపోతే మీ తరఫున నేను పుచ్చుకుంటాను" అని వినయంగా అడిగింది. ఆ రాత్రి ఆన్ బాన్‌క్రాఫ్ట్ గెలిచింది. ఆవిడ న్యూయార్కులో నాటకం వేస్తోంది. తెర పక్కన తన పేరు కోసం చెవులొగ్గి నిలబడ్డ బెట్టీ పక్కనుంచే జోన్ ఠీవిగా వేదిక మీదికి నడిచివెళ్ళి బొమ్మ అందుకుంది. పోటీలో లేని మనిషి గెలవడమంటే అది!

మనుషులే కాదు, బొమ్మలు కూడా తిప్పలు పడ్డాయి. పదమూడున్నర అంగుళాల పొడవూ, ఎనిమిదిన్నర పౌన్ల బరువూ ఉన్న ఆ బంగారు పూత బొమ్మలు 2000 మార్చిలో 55 దొంగతనానికి గురయ్యాయి. లాస్ ఏంజిలిస్‌లో ఒక చెత్తతొట్టి పక్కన 52 దొరికాయి. దొరికించుకున్న సామాన్యుడికి 50,000 డాలర్ల బహుమానం, సభకు ఆహ్వానం కూడా వచ్చాయి. లోకమంతా ఏ బొమ్మ కోసం ఏడుస్తుందో, అది చెత్తతొట్టి పక్కన పడి ఉండటంలో ఏదో వేదాంతం ఉంది గాని, ఇప్పుడు దాని జోలికి పోను.

ఇక మా అమ్మాయి చెప్పిన కథ. 2017 ఫిబ్రవరి 26 రాత్రి. అసలు ఆ కవర్ల ఏర్పాటు ఎల్లా ఉంటుందో చెబితే గాని ఆ పొరపాటు బోధపడదు. ఓట్లు లెక్కించే సంస్థ తరఫున అప్పట్లో ఇద్దరు లెక్కలవారు వచ్చేవారు. ఇద్దరి దగ్గరా చెరొక పెట్టె. ఒక్కొక్క పెట్టెలో అన్ని బహుమతుల కవర్లూ పూర్తిగా ఉంటాయి. వేదికకు ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు నిలబడతారు. ప్రకటించేవారు ఏ పక్కనుంచి వస్తే ఆ పక్కవారు కవరు ఇస్తారు. రెండో పక్కవారు తమ దగ్గరున్న నకలు కవరును పక్కన పడెయ్యాలి. ఇంతే. జాగ్రత్త కోసం రెండు పెట్టారు. ఆ రెండో కవరే కొంప ముంచింది.

ఉత్తమ నటి ప్రకటన ఒక పక్కనుంచి జరిగింది. ఎమ్మా స్టోన్, 'లా లా లాండ్' చిత్రం. రెండో పక్కనున్న లెక్కలాయన తన దగ్గరి ఉత్తమ నటి కవరు పక్కన పెట్టలేదు. ఆ కొద్ది నిమిషాల్లోనే ఆయన ఆ తార ఫోటో తీసి ఫోనులో లోకానికి చాటుకున్నాడు. ఆ తరువాత ఉత్తమ చిత్రం ప్రకటించడానికి వారెన్ బీటీ, ఫే డనవే అతని పక్కకే వచ్చారు. ఆ పాత కవరే బీటీ చేతిలో పెట్టాడు.

బీటీ కవరు విప్పాడు. చూశాడు. కవరులో ఇంకేమన్నా ఉందేమోనని మళ్ళీ తడిమాడు. ఆయన హాస్యానికి ఆగుతున్నాడని అందరూ నవ్వారు. ఏం చెయ్యాలో తోచక కార్డు డనవేకు చూపించాడు. ఆమె అందులో కనిపించిన చిత్రం పేరు చదివేసింది. 'లా లా లాండ్'! హాలు హోరెత్తింది. నిర్మాతలు పైకొచ్చారు. బొమ్మలు చేతులు మారాయి. ఒకరి తరువాత ఒకరు కృతజ్ఞతలు చెబుతున్నారు. ఇంతలో చెవికి యంత్రాలు తగిలించుకున్న మనుషులు వేదిక మీద అటూ ఇటూ పరుగులు.

అసలు గెలిచింది 'మూన్‌లైట్'. ఇరవై లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన చిన్న చిత్రం. అప్పుడు ఆ మాట మైకులో చెప్పిందెవరు? ప్రకటించినవారు కాదు, లెక్కలవారు కాదు, సభ నడిపేవారు కాదు. ఆ బొమ్మ చేతిలో పట్టుకొని ఉన్న 'లా లా లాండ్' నిర్మాత జోర్డన్ హోరోవిట్జ్. పొరపాటు జరిగింది, గెలిచింది మూన్‌లైట్ వారు, ఇది వేళాకోళం కాదు అని చెప్పి, అసలు కార్డును అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. చెరొకటి ఇచ్చేస్తే సరి అని ఎవరో హాస్యమాడబోతే కూడా ఆగలేదు; తన మిత్రులకు తానే ఇస్తానని నిలబడి, చేతికిచ్చి, దిగి వెళ్ళాడు.

తరువాతి సంవత్సరం నుంచి కట్టుదిట్టాలు చేశారు. లెక్కలవారు సభలో ఫోను పట్టుకోకూడదన్నారు. మూడో మనిషిని పెట్టారు. అన్నీ మంచివే. కాని ఇచ్చిన బహుమతి నవ్వుతూ తిరిగి ఇచ్చే మనిషిని ఏ నియమావళీ తయారుచెయ్యలేదు. ఆ రాత్రి ఆ సభ పరువు కాపాడింది గెలిచినవాడు కాదు, ఓడినవాడు.

మన దేశంలో మాత్రం తక్కువ తిన్నారా? 1957లో ఫిల్మ్‌ఫేర్ సభలో పాడమని లతా మంగేష్కర్‌ను అడిగారు. 'చోరీ చోరీ' పాటలకు శంకర్ జైకిషన్‌లకు బహుమతి. పాడినవాళ్ళకు బహుమతే లేనప్పుడు నేనెందుకు పాడాలి, బాణీ వాయించుకోండి అందావిడ. కోపం అనండి, న్యాయం అనండి, 1959 నుంచి నేపథ్యగానానికీ బహుమతి పెట్టారు. మొదటిది ఆవిడకే వచ్చింది. 2018 మే 3న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో జాతీయ బహుమతుల సభ. రాష్ట్రపతి స్వయంగా పదకొండు మందికే ఇస్తారని, తక్కినవారికి మంత్రులు ఇస్తారని చివరి ఘడియలో చెప్పేసరికి, యాభై మందికి పైగా గ్రహీతలు సభకు రాలేదు. బయటివాళ్ళకు ఇదంతా పట్టింపులా కనబడుతుంది. ఎవరిస్తేనేం, బహుమతి బహుమతే గదా అంటారు. ఊరినుంచి అమ్మానాన్నల్ని వెంటబెట్టుకొని రైలెక్కి వచ్చినవాడికి అల్లా అనిపించదు. ఎవరి చేతి మీదుగా అన్నది వాడు జీవితాంతం గోడకు తగిలించుకునే ఫోటో.

అన్నీ అపశ్రుతులే చెప్పానంటారేమో. 2023 మార్చి 13 పొద్దున్న మా ఇంట్లో కాఫీలు చల్లారిపోయాయి. 'ఆర్.ఆర్.ఆర్.' చిత్రంలోని 'నాటు నాటు' పాటకు ఆస్కారు వచ్చింది. మన దేశం తరఫున అధికారికంగా పంపినది ఒక గుజరాతీ చిత్రం; ఈ చిత్రం తన దారిన తాను పోటీకి వెళ్ళింది. కీరవాణిగారు బొమ్మ పట్టుకొని, తనకు చిన్ననాటి నుంచీ ఇష్టమైన ఒక ఇంగ్లీషు పాట బాణీలో తన మాటలు పాడారు. పక్కనే చంద్రబోస్‌గారు. మాట్లాడడానికి ఇచ్చే సమయం నలభై అయిదు సెకన్లు. పాట పాడేసరికి కవిగారికి ఎంత మిగులుతుందా అని నేను లెక్కపెడుతున్నాను. తెలుగు మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది! ఆఖరున ఆయన నమస్తే అన్నారు. ఒక్క మాట. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఇద్దరి పేర్లూ సరిగ్గానే చదివారండీ" అంది. నా వైపు చూసే అంది.

సరే, ఇక తప్పదు. చెబుతాను.

ఆరేళ్ళ క్రితం, మా కాలేజీ వార్షికోత్సవం. పద్యపఠనం పోటీ ఫలితాలు నేనే ప్రకటిస్తున్నాను. మా ప్రాంతంలో ఏడుకొండలవాడి పేరు పెట్టుకున్న కుర్రాళ్ళు తరగతికి ముగ్గురుంటారు. ఆ పోటీలోనే ఇద్దరున్నారు. నా చేతిలోని కాగితంలో ఇంటిపేర్లు స్పష్టంగా ఉన్నాయి. కాని మైకు ముందు నిలబడగానే నాకూ ఆ విల్ రోజర్స్‌కు పుట్టిన చనువే పుట్టింది. నాలుగు మాటలు రసవత్తరంగా చెప్పి, ఇంటిపేరు వదిలేసి, "రావయ్యా!" అని ఒక్క పేరుతో పిలిచాను.

రెండోవాడు లేచాడు. వెనక వరసలో వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. ఆవిడ పల్లెటూరినుంచి పొద్దున్న బస్సులో వచ్చిందట. కొడుకు లేవగానే ఆవిడా లేచి నిలబడింది. వాడు వచ్చి, ముఖ్య అతిథిగారి చేతి నుంచి కప్పు అందుకొని నమస్కారం పెట్టాడు. అప్పుడు పక్కనున్న సహోద్యోగి నా చెవిలో చెప్పాడు. నేనేం చేశానో తెలుసా? మైకు నోటి ముందు ఉండగానే, "నువ్వు కాదు నాయనా, అతను!" అన్నాను. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. అదే అన్నిటికన్నా పెద్ద తప్పు. వాడు కప్పు బల్ల మీద పెట్టి, దిగి, ఆ పొడుగాటి హాలు చివరిదాకా నడిచి వెళ్ళాడు. వాళ్ళమ్మ ఇంకా నిలబడే ఉంది.

మరునాడు పిలిచి ఏదో చెప్పాలనుకున్నాను. పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దడాలు వచ్చాయి. వాడు మళ్ళీ ఏ పోటీకీ పేరివ్వలేదు. చదువు ముగించుకొని వెళ్ళిపోయాడు.

పోయిన దసరా సెలవుల్లో బస్సెక్కాను. "టికెట్టు, టికెట్టు" అంటూ వచ్చిన కండక్టరు నన్ను చూసి ఆగి, "మాస్టారూ, బాగున్నారాండీ?" అన్నాడు. వాడే. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. జనం పలచబడ్డాక వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊరి కబుర్లన్నీ అయ్యాక నేనే ఎత్తాను. "ఆ రోజు కప్పు సంగతి..." అన్నాను. వాడు నవ్వి, "అయ్యో, అది మా అమ్మకే బాధండి మాస్టారూ. గెలిచింది మావాడే, ఎవరో పెద్దింటివాళ్ళు చెప్పి లాక్కున్నారని ఇప్పటికీ అంటుందండి. కాదమ్మా, మాస్టారు పొరపాటున పిలిచారని నేను చెబితే నమ్మదండి. మాస్టార్లు పొరపాటు చేస్తారా అంటుందండి" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. నా పొరపాటు ఆ ఇల్లాలి లెక్కలో లోకపు అన్యాయంగా మారింది. ఎందుకంటే ఆవిడకు నా మీద గౌరవం! నేను ఆ వేదిక మీదనే, "తప్పు నాది. ఈ అబ్బాయిది కాదు" అని రెండు ముక్కలు మైకులో అని ఉంటే చాలు. హోరోవిట్జ్ అన్నాడు. అతని తప్పు ఇసుమంత లేకపోయినా అన్నాడు. మైకులో చేసిన తప్పు మైకులోనే ఒప్పుకోవాలి. బస్సులో ఒప్పుకుంటే ఏం లాభం?

అంచేత ప్రిన్సిపాలుగారికి సరేనన్నాను. ఒక షరతు మీద: బహుమతులు మొదలుపెట్టే ముందు నాకు రెండు నిమిషాలు ఇవ్వాలి. ఎందుకో చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, "మూడు తీసుకోండి" అన్నారు. తరువాత ఆ కుర్రాడికి ఫోను చేశాను. సభ మొదట్లో ఒక పద్యం చదవాలని, అమ్మను తప్పకుండా తీసుకురావాలని, ముందు వరసలో రెండు కుర్చీలు ఉంచుతానని చెప్పాను. అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు.

"డ్యూటీ చూసుకొని చెబుతానండి మాస్టారూ" అన్నాడు.

ఇంకా చెప్పలేదు. ఈలోగా బహుమతుల జాబితా నా చేతికొచ్చింది. ఈసారి కూడా ఏడుకొండలవాడి పేరు గలవాళ్ళు నలుగురున్నారు. ఇంటిపేర్లు ఎర్రసిరాతో పెద్ద అక్షరాల్లో రాసుకొని, రోజూ రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడకు చదివి వినిపిస్తున్నాను. ఆవిడ వింటూ ఒక్కొక్క పేరుకూ తల ఊపుతోంది.